గీత గీస్తే వల ఎటు జరుగుతుంది: తిరుపతి నుంచి పులికాట్ మీదుగా సముద్రం దాకా

మొదటి రోజు: స్వర్ణముఖి దారిలో నేలపట్టుకి

చంద్రగిరి కొండల్లో పుట్టిన స్వర్ణముఖి తిరుపతి పక్కగా, శ్రీకాళహస్తి గుడి కిందుగా, నాయుడుపేట మీదుగా పారి, వాకాడు దాటాక సముద్రంలో పడుతుంది. ఈ ప్రయాణం కూడా చాలావరకు ఆ నది దారే. తిరుపతి బస్టాండులో పొద్దున్నే సూళ్లూరుపేట బస్సెక్కితే కాళహస్తి, నాయుడుపేట దాటి పదకొండు లోపే దొరవారిసత్రంలో దిగవచ్చు. అక్కడి నుంచి నేలపట్టుకి ఆటో దొరుకుతుంది. సంక్రాంతి దాటిన వారం అయితే ఎండ ఇబ్బంది పెట్టదు, పక్షులూ నిండుగా ఉంటాయి.

చూడాల్సింది పక్షులే అయినా, ఈ ప్రయాణంలో అడగాల్సిన ప్రశ్న పడవల గురించి. ఒక చోటును రక్షిత ప్రాంతమని ప్రకటించి గీత గీస్తే, అప్పటిదాకా అక్కడ వేటాడిన వాళ్లు ఎక్కడికి పోతారు? వేట ఆగిపోయిందని కాగితం అనుకుంటుంది. నిజానికి వేట జరుగుతుంది, అంటే పక్కకి జరుగుతుంది. ఎంత దూరం, ఎవరి నీళ్లలోకి, ఎంత ఖర్చుతో అన్నది తెలియకపోతే ఆ గీత వల్ల మేలు జరిగిందో కీడు జరిగిందో చెప్పలేం. తిరుపతి జిల్లా తూర్పు అంచున అలాంటి గీతలు నాలుగైదు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

వాటిలో తేలికైనది నేలపట్టు. దీన్ని 1976లో పక్షుల రక్షిత కేంద్రం చేశారు. విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. చెరువు నీళ్లలో నిలబడి ఉన్న కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. గీత చిన్నది, కాపలా తేలిక, చెరువు మీదే బతికే పడవలు లేవు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి బలమని ఊరివాళ్లే చెట్లను కాచుకున్నారు. అందుకే ఇక్కడ ఎవరూ ఎక్కడికీ జరగాల్సిన పని పడలేదు. అయితే ఈ గూళ్లలోని పిల్లలకి మేత ఈ చెరువొక్కటే పెట్టలేదు. పెద్ద పక్షులు తూర్పున పులికాట్‌కి ఎగిరిపోయి చేప తెస్తాయి. గూడు గీత లోపలే ఉన్నా, బువ్వ మాత్రం జాలరులు వల వేసే నీళ్లలోనే ఉంది.

రాత్రి బస సూళ్లూరుపేటలో. కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి చూసుకుని పెందలాడే పడుకోవడం మంచిది. సరస్సులో పని తెల్లవారకముందే మొదలవుతుంది.

రెండో రోజు: సరస్సును చీల్చిన రోడ్డు

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి పోయే రోడ్డు పులికాట్ నడుమ నుంచే వెళుతుంది. రెండు పక్కలా నీళ్లు, నీళ్లలో రాజహంసలు. అటకానితిప్ప దగ్గర ఆగి చూడవచ్చు. శ్రీహరికోటలోని రాకెట్ కేంద్రాన్ని షార్ అంటారు. దాని గేటు దాటి లోపలికి పోవడానికి పాసు లేకుండా వీల్లేదు.

మన దేశంలో చిల్కా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణపు కొస తమిళనాడులో. పొడవు దాదాపు 60 కిలోమీటర్లు ఉన్నా సగటు లోతు ఒక మీటరే. ఆంధ్ర వైపు భాగాన్ని 1976లో, తమిళనాడు వైపు భాగాన్ని 1980లో పక్షుల రక్షిత కేంద్రాలుగా ప్రకటించారు. ఊళ్లు, దీవులు, పడవలు, వలలు అన్నీ ఆ గీత లోపలే ఉండిపోయాయి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం రక్షిత కేంద్రంలో ముందు నుంచీ ఉన్న హక్కుల్ని కలెక్టర్ విచారించి తేల్చాలి, కొన్నింటిని కొనసాగనివ్వవచ్చు కూడా. సముద్ర జలాలను కలిపేటప్పుడైతే స్థానిక జాలరుల బతుకుతెరువును కాపాడే ఏర్పాటు ముందే చేయాలని అదే చట్టం చెబుతుంది. కాబట్టి గీత పడ్డంత మాత్రాన జాలరి నేరస్థుడు కాడు. ఈ మాట సరస్సు ఒడ్డున ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

ఇక్కడ పడవల్ని జరిపింది పక్షుల గీత కన్నా నీళ్ల లోతు. రోడ్డు కట్ట కింద తూములున్నా, అడ్డం లేనప్పటిలా నీరు ఉత్తరానికీ దక్షిణానికీ ఆడదు. సముద్రపు పోటు నీరు, సరస్సు సముద్రంతో కలిసే ముఖద్వారాల గుండా రావాలి. అలలు, తీరం వెంబడి కదిలే ఇసుక కలిసి వాటిని పూడుస్తుంటాయి. వానాకాలంలో కాళంగి, స్వర్ణముఖి పాయల నీరు తోసుకొస్తే తెరుచుకుంటాయి, ఫిబ్రవరి తర్వాత మళ్లీ ఇసుక మేట వేస్తుంది. ఎండలు ముదిరేసరికి ఉత్తరపు భాగం చాలా చోట్ల ఉప్పు తేలిన మైదానమై పడవ అడుగు నేలకు తగులుతుంది.

అప్పుడు జరిగేది ఇది. మొదట ఇంజన్ పడవలు వెనక్కి తగ్గుతాయి, పంకా బురదలో తిరగదు కాబట్టి. తర్వాత గడకర్రతో తోసే చిన్న నావలు. చివరికి మోకాలి లోతులో నడుస్తూ విసురు వల వేసేవాళ్లు, చేత్తో పీతలు పట్టే యానాదులు మిగులుతారు. లోతు తగ్గేకొద్దీ పడవలున్నవాళ్లు దక్షిణానికి, ముఖద్వారాల వైపుకి పోతారు. ఏ పడవా లేనివాళ్లు కదలలేక అక్కడే ఉంటారు. వేట జరగడమంటే అందరూ జరగడం కాదు. ఇంజన్, డీజిల్ డబ్బు, అవతలి ఊళ్లో చుట్టరికం ఉన్నవాళ్లే జరగగలరు. ఏ రక్షిత ప్రాంతం గురించి రాసినా మొదట రాయాల్సిన సంగతి ఇదేనని నమ్మకంగా చెప్పవచ్చు.

మూడో రోజు: తడ, భీమునివారిపాలెం, ఇరకం

భీమునివారిపాలెం పడవల రేవు తడ నుంచి దగ్గరే. ఇరకం దీవికి పడవలు ఇక్కడి నుంచే. దీవికి పోయేవాళ్లు తిరుగు పడవ ఎప్పుడో ఎక్కేటప్పుడే అడిగి పెట్టుకోవాలి, నీళ్ల సీసా వెంట ఉంచుకోవాలి. పడవ నడిపే మనిషిని అన్నా అని పలకరించి, వలలు ఆరేసిన చోట వాటిని తొక్కకుండా నడిస్తే మాటలు వాటంతటవే వస్తాయి.

సరస్సు దక్షిణాన, తమిళనాడులోని పళవేర్కాడు వైపు, తరాల నాటి పద్ధతి ఒకటుంది. దాన్ని పాడు అంటారు. ముఖద్వారానికి దగ్గరగా ఉన్న మంచి చోట్లను గుర్తులు పెట్టి పంచుకుంటారు. హక్కున్న కుటుంబాలు జట్లుగా ఏర్పడి, చీటీ ప్రకారం వంతుల వారీగా వల కడతాయి. ఇవాళ మొదటి చోటు దొరికిన జట్టుకి రేపు మరో చోటు. రొయ్య ఆటుతో పాటు సముద్రం వైపు కొట్టుకుపోయేటప్పుడు, కర్రలకు కట్టిన సంచి వల దాని దారిలో నోరు తెరుచుకుని ఉంటుంది. అందుకే చోటు అంత విలువైనది.

రొయ్య బతుకు తీరు తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. తల్లి రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. కంటికి ఆనని పిల్లలు పోటు నీళ్లతో ముఖద్వారం గుండా సరస్సులోకి వస్తాయి, గడ్డిలో, బురదలో కొన్ని నెలలు పెరిగి తిరిగి సముద్రానికి పోతాయి. సరస్సు లోపల వేటను కట్టడి చేసి ముఖద్వారాన్ని వదిలేస్తే, లోపలి నుంచి జరిగిన వలలన్నీ ఆ ఇరుకు నోటి దగ్గరే చేరతాయి. లోపల దక్కిన రొయ్య బయటికి వెళ్లే దారిలో దొరికిపోతుంది. ముఖద్వారాన్ని మూసి లోపల వదిలేస్తే పిల్ల రొయ్యను పట్టే సన్న కన్ను వలలు లోపల పెరుగుతాయి. రెండింటిలో ఏది చేసినా ముందు ఆ చోట్ల మీద వంతులున్న కుటుంబాలతో కూర్చోవాలి. వంతుల పద్ధతిలో కొత్తగా వచ్చినవాడికి చీటీ ఉండదు. ఉత్తరం నుంచి నీళ్లు ఇంకి దిగివచ్చిన పడవ ఆ గుర్తుల మధ్యకి వస్తే తగువే. పైగా మధ్యలో రెండు రాష్ట్రాల సరిహద్దు. నీళ్ల మీద అది కనపడదు, పట్టుబడ్డాకే తెలుస్తుంది.

సముద్రం వైపు పాలేల్లో కట్టుబాటు మరో రకంగా ఉంటుంది. పట్టపు కాపులు అనే జాలరి కులం పెద్దలు కూర్చుని ఫలానా వల వాడకూడదని, ఫలానా రోజుల్లో వేటకి పోకూడదని నిర్ణయిస్తే దాన్ని దురాయి అంటారు. ప్రభుత్వం పెట్టే గీతకు కాపలా పడవ కావాలి. దురాయికి ఊరే కాపలా. కొత్త రక్షిత ప్రాంతం పెట్టేవాళ్లు ముందు ఊరి పెద్దల మాట విని, ఉన్న దురాయి ఎక్కడిదాకా పనిచేస్తోందో చూసి, దాని అంచు మీదే తమ గీత కలిపితే సగం పని తీరుతుంది.

నాలుగో రోజు: వాకాడు, దుగరాజపట్నం, బయటి సముద్రం

నాయుడుపేట వచ్చి చిట్టమూరు మీదుగా తూర్పుకి తిరిగితే వాకాడు. అక్కడి నుంచి దుగరాజపట్నం, రాయదొరువు. 1620ల్లో ఇంగ్లీషు కంపెనీ ఆర్మగాన్ పేరుతో స్థావరం వేసుకున్నది దుగరాజపట్నం దగ్గరే. 2014 విభజన చట్టంలో కొత్త పెద్ద రేవుకి రాసిందీ ఈ ఊరి పేరే. దక్షిణాన శ్రీహరికోట దీవి మొదలవుతుంది. ఈ తీరంలో గీతలన్నీ ఒక చోటికి వస్తాయి.

మొదటిది షార్. 1971 అక్టోబరు 9న ఇక్కడ తొలి రాకెట్ ఎగిరింది. కేంద్రం తీరంలో పాలేలు పెట్టుకోవడానికి, పడవ లాగడానికి వీల్లేదు. కేంద్రం కిందున్న సముద్ర తీరం చాలా పొడవు. దీన్ని ఎవరూ చేపల కోసం మూయలేదు. అయినా మనిషి దిగని తీరం ఇంత పొడవున మిగిలింది. సరిగ్గా ఇలాంటి చోటు అమెరికాలో ఫ్లోరిడాలో ఉంది. కెన్నడీ అంతరిక్ష కేంద్రం భద్రత కోసం 1962లో మెరిట్ ఐలాండ్ దగ్గర రెండు నీటి భాగాల్లో వేట ఆపేశారు. ఏళ్లు గడిచాక ఆ మూసిన నీళ్ల చుట్టుపక్కలే గాలానికి రికార్డు బరువు చేపలు పడటం మొదలైంది. ఈ సంగతి 2001లో శాస్త్రవేత్తలు లెక్కలతో చూపించారు. తక్కువ ఏళ్లు బతికే జాతి ముందు పెరిగింది, ఎక్కువ ఏళ్లు బతికేది దశాబ్దాల తర్వాత. గాలం వేసే వాళ్లు గీత అంచుకే వచ్చి వేయడం ప్రపంచంలో ఎక్కడైనా కనిపించే తీరు. శ్రీహరికోట రెండు కొసల దగ్గరా ఏ పడవలు ఏ చేప తెస్తున్నాయో, మిగతా తీరంలో పడే చేపతో పోల్చి, సైజు కొలిచి రాసి పెట్టుకుంటే మన దగ్గరా అలాంటి లెక్క తేలుతుంది. చేయదగిన పని ఇది.

రాకెట్ రోజు వేరే గీత పడుతుంది. ప్రయోగ వేదిక చుట్టూ 10 నాటికల్ మైళ్ల మేర, అంటే 18.5 కిలోమీటర్ల మేర, పడవలు ఉండకూడదని ముందుగా చాటుతారు. ఇంకా దూరంలో రాకెట్ భాగాలు పడే చోట్లకు వేరే హెచ్చరిక. ఒక్కరోజు గీతే కదా అనిపిస్తుంది. పడవ లెక్క ఇలా ఉంటుంది. తీరానికి 6 కిలోమీటర్లలో వేటాడే ఫైబర్ పడవ గీత తప్పించుకోవడానికి ఉత్తరంగా 12 కిలోమీటర్లు అదనంగా పోవాల్సి వచ్చిందనుకుందాం. రానూపోనూ 24. గంటకు 10 కిలోమీటర్లు పోయే పడవకి అది రెండున్నర గంటలకు కాస్త తక్కువ. గంటకి 2 లీటర్లు తాగే ఇంజన్ అయితే దాదాపు 5 లీటర్లు, డబ్బులో ఐదు వందల రూపాయలకు అటూఇటూ. పాళ్లు పంచేటప్పుడు ముందు ఖర్చు తీసి, మిగిలినదాంట్లో పడవకి, వలకి, మనుషులకి పాలు వేస్తారు. కాబట్టి అదనపు డీజిల్ భారం పడవలో పనిచేసే కలాసీ పాలు మీద కూడా పడుతుంది. ఆ పైన ఐసు. పూటలో తిరిగొచ్చే పడవకి ఐసు పని తక్కువ. తిరుగు ప్రయాణం పొడవైతే చేప బరువుకి సమానంగా ఐసు వేయాలి, లేకపోతే ఒడ్డున ధర పడిపోతుంది.

ఇంకో కష్టం డబ్బుతో కొలవలేనిది. పడవ నడిపే ప్రతి సరంగుకీ తన నీళ్ల అడుగు తెలుసు. ఎక్కడ రాయి ఉంది, ఎక్కడ మునిగిన పడవ వల చింపుతుంది, ఒడ్డున ఏ తాటిచెట్టు ఏ లైట్‌హౌస్‌తో వరసకి వస్తే లోతు మారుతుంది, ఇవన్నీ తాత, తండ్రి చెప్పినవి. కొత్త నీళ్లలో ఆ గుర్తులు లేవు. మొదటి కొన్ని వేటల్లో వల పోగొట్టుకోవడం మామూలే. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చేపలు దొరికే చోట్లను అక్షాంశ రేఖాంశాలతో, రేవు నుంచి దూరం, దిక్కు, లోతుతో సహా తెలుగులోనూ పంపిస్తుంది. చేప ఎక్కడుందో అది చెబుతుంది. అడుగున రాయి ఉందో లేదో చెప్పదు.

కొట్టుకుపోయే వల వేసేవాళ్లకి గీత దగ్గర మరో చిక్కుంది. ఈ తీరంలో ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఎక్కువగా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి ఉంటుంది. గంటకి ఒక నాటికల్ మైలు లాగే ప్రవాహంలో నాలుగు గంటలు వదిలిన వల 7.4 కిలోమీటర్లు పోతుంది. గీతకి 3 కిలోమీటర్ల అవతల వల దించినవాడు, తీసేసరికి గీత లోపల ఉంటాడు. తప్పు చేయాలని కాదు, నీరు లాక్కుపోయింది. అందుకని ప్రవాహానికి ఎగువన ఉన్నప్పుడు వల నిలిపే గంటల్ని బట్టి దూరం పాటించాలి, దిగువన ఉన్నప్పుడు ఆ ఇబ్బంది లేదు. అధికారులు కూడా పట్టుకున్న చోటును మాత్రమే కాదు, వల దించిన చోటును అడగాలి. 2024 ఆగస్టు నుంచి కేంద్రం ఉచితంగా బిగిస్తున్న ఇస్రో ట్రాన్స్‌పాండర్లు ఉన్న పడవకి ఆ ఆధారం దొరుకుతుంది.

ఇక 8 కిలోమీటర్ల గీత. రాష్ట్ర సముద్ర వేట చట్టం ప్రకారం ఒడ్డు నుంచి అంతవరకూ సంప్రదాయ పడవలదే, మరబోట్లు ఆవలే ఉండాలి. తమిళనాడు, పుదుచ్చేరి వైపు నుంచి వచ్చే పెద్ద ఇంజన్ల బోట్లను ఇక్కడ సోనా బోట్లంటారు. అవి లోపలికి చొరబడి వలలు తెంచుకుపోతాయన్నది ఈ తీరంలో ఏళ్ల నాటి గోడు, నెల్లూరు పాలేల్లోనూ వినిపిస్తుంది. చిన్న పడవని లోపలి నుంచి ఒక గీత, బయటి నుంచి పెద్ద బోటు నొక్కితే మిగిలే పట్టీ ఎంత వెడల్పు అన్నది కొలవాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం కాలం మీద గీసిన గీత. ఇంజన్ లేని తెప్పలకి అది వర్తించదు, మిగతావాళ్లకి రాష్ట్రం 2025లో సాయాన్ని 20,000 రూపాయలు చేసింది. ఉత్తర్వు సముద్ర జలాలకే. దాంతో ఆ రెండు నెలలు కొన్ని చేతులు సరస్సు వైపు తిరుగుతాయి, సరిగ్గా సరస్సు ఎండి కుంచించుకుపోయిన నెలల్లో. రెండు శాఖలు రెండు వేరువేరు క్యాలెండర్లు పెట్టుకుంటే ఇలాగే అవుతుంది.

బయటి అనుభవాలు ఇక్కడికి పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. ఒడిశాలో గహిర్‌మఠను 1997లో 1,435 చదరపు కిలోమీటర్ల సముద్ర రక్షిత ప్రాంతం చేశారు. తాబేళ్ల కోసం ధామ్రా, దేవి, రుషికుల్య నదుల నోళ్ల దగ్గర 20 కిలోమీటర్ల లోపు నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట కట్టడి. దానికి 61 రోజుల నిషేధం తోడైతే నవంబరు నుంచి జూన్ నడుమ దాకా ఏడున్నర నెలలు ఆ నీళ్లు మూతే. పూరీ పెంటకోటలో, గంజాంలో స్థిరపడ్డ తెలుగు జాలరులు బతికేదీ ఆ తీరంలోనే.

పసిఫిక్‌లో కిరిబాటి దేశం తన ఫీనిక్స్ దీవుల చుట్టూ 2015 జనవరి 1న వాణిజ్య వేట ఆపింది (ఆ నిషేధాన్ని ఎత్తేయాలని 2021లో నిర్ణయించింది). మూస్తారని తెలిసినప్పటి నుంచి మూసేదాకా అక్కడ వేట రెట్టింపు దాటింది. ముందు ప్రకటించి ఏడాది ఆగితే ఏమవుతుందో దాన్నిబట్టి తెలుస్తుంది. 2001లో యూరప్‌లోని ఉత్తర సముద్రంలో కాడ్ చేప కోసం వసంతంలో పది వారాలకు పైగా మూస్తే, ట్రాలర్లు అంతకు ముందు పెద్దగా గీకని సముద్రపు అడుగు మీదికి పోయాయి. అదే హవాయి దగ్గర 2016లో పెంచిన పెద్ద రక్షిత ప్రాంతం అంచున, ఒక్కో కొక్కేనికి పడే పసుపు రెక్కల ట్యూనా 54 శాతం పెరిగిందని 2022లో తేలింది. అక్కడ పడవలకి లాభమే వచ్చింది. అయితే కానాగంతలు, కవళ్లు లాంటి తిరుగుడు చేపకి చిన్న గీత లోపల దాపు ఉండదు, ఇవాళ లోపల, రేపు బయట. చోటు పట్టుకుని ఉండేవాటికి చిన్న గీత కూడా పనికొస్తుంది. ఏ చేప కోసమో తేల్చకుండా ఎంత వెడల్పో నిర్ణయించడం కుదరదు.

ఇలాంటి అధ్యయనాలు చాలావరకు పెద్ద బోట్లు తామెక్కడున్నామో తెలుపుతూ పంపే సిగ్నళ్ల మీద నడుస్తాయి. రాయదొరువులో ఫైబర్ పడవ వాటికి కనపడదు. దాన్ని లెక్కించాలంటే ఒడ్డుకి రావాలి. తెల్లవారుజామున పడవలు దిగేచోట నిలబడి, పడవకొక వరస రాసుకోవాలి. ఏ దిక్కుకి పోయింది, ఎంతసేపు పోయింది, ఎన్ని లీటర్లు కాలింది, ఏ వల, ఏ చేప, పెద్దది ఎంత పొడవు, ఎక్కడి నుంచి తరిమారు. గీత పడకముందు ఒక ఏడాది, పడ్డాక రెండేళ్లు అదే పనిగా రాయాలి. పక్క పాలెంలోనూ రాయాలి, ఎందుకంటే జరిగిన పడవ అక్కడే తేలుతుంది. జూన్ 15న నిషేధం తీరి పడవలన్నీ ఒక్కసారి దిగే వారం లెక్కను విడిగా ఉంచాలి. ఆ వారం పట్టుబడి ఎప్పుడూ ఎక్కువే, దాన్ని మిగతా వారాలతో కలిపితే గీత మేలు చేసిందన్న తప్పు అంకె వస్తుంది.